కళాయి పళ్లెం మీది కాటుక

సత్యకుమారికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఏదో ఒక రోజు "ప్రసన్నా" అని పిలిస్తే కూతురు తల తిప్పి చూడదేమోనని. జ్వరాలకీ విరేచనాలకీ ఆమె అంత భయపడదు. వాటికి మందులున్నాయి, మొక్కులున్నాయి, అమ్మ చెప్పిన శొంఠి కషాయాలున్నాయి. పిల్ల ఎదురుగానే ఉండి, అన్నం ముద్ద మింగుతూనే ఉండి, కళ్ళు తెరుచుకునే ఉండి, ఆ కళ్ళ వెనక ఎవరూ లేకపోతే, తలుపులన్నీ బార్లా తీసిపెట్టి ఇంట్లోవాళ్ళు ఎటో వెళ్ళిపోయినట్టు అయిపోతే, దానికి ఏ దేవుడికి ఏం మొక్కాలో ఆమెకు తెలియదు. మొన్న రెండోసారి పిలిచేసరికి తిరిగింది. నిన్న మూడోసారికి తిరిగింది. ఇవాళ పొద్దున ఆమె పిలవనేలేదు. పిలవకుండానే గౌను తొడిగి, చంకనేసుకుని, బస్సెక్కి వచ్చేసింది.

ఇప్పుడు ఆ పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది, రెండేళ్ళ నాలుగు నెలల లక్ష్మిప్రసన్న, నోరు కాస్త తెరుచుకుని, పెదాలు బియ్యం కడిగిన నీళ్ళ రంగులో. ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, నెత్తిమీద ఏసీ చలి, బయట పదిగంటల ఎండ గాజు తలుపుకి ఆనుకుని లోపలికి చూస్తున్నట్టుంది. చేతిలో చీటీ మీద నలభై ఒకటి. గోడమీది నల్లపెట్టెలో ఎర్ర అంకెలు ముప్ఫై మూడు అంటున్నాయి. పోయిన వారం ఈ పిల్ల చేతిలోంచే రక్తం తీసుకున్నారు, అందులో ఏముందో ఇవాళ చెబుతామన్నారు. ముప్ఫై నాలుగు. ఆ అంకెల పెట్టె లోపల ఏముంటుందో సత్యకుమారికి తెలుసు, ఇక్కడ కూర్చున్న ఇంతమందిలో బహుశా తనకొక్కదానికే తెలుసు. ఆకుపచ్చటి అట్ట ఒకటి ఉంటుంది, దానిమీద చీమల బారుల్లాంటి గీతలు, గీతల చివర మెరిసే టంకపు చుక్కలు, పైన జెర్రికాళ్ళున్న నల్ల బిళ్ళలు. ఇది పాడైన రోజున ఎవరో దీన్ని గోడమీంచి దించేస్తారు, అది లారీ ఎక్కి ఈ బహ్రెయిన్‌లోనే ఉన్న సిత్రా వస్తుంది, సిత్రాలో ఆయిల్ ట్యాంకుల వెనక రేకుల ప్రహరీ ఉన్న తుక్కు యార్డుకి వస్తుంది, అక్కడ కన్నబాబు, ఆమె పెనిమిటి, దాన్ని పొయ్యిమీద పెట్టి కాలుస్తాడు. అన్నీ అక్కడికే వస్తాయి. బ్యాంకులు పారేసిన కంప్యూటర్లు, యుద్ధం అయిపోయాక ఎవరికీ అక్కర్లేకపోయిన రేడియో పెట్టెలు, పొట్ట పగిలిన టీవీలు, ఒకసారైతే టెలిఫోను ఎక్స్ఛేంజి ఒకటి మొత్తానికి మొత్తం బీరువాలు బీరువాలుగా. ఊరందరి మాటలూ వీటిలోంచే పోయాయంట సత్తీ, కాలిస్తే ఎవరెవరి గుట్టు బయటపడుద్దో, అని కన్నబాబు ఆ రోజు పగలబడి నవ్వాడు. గుట్టేమీ బయటపడలేదు. పొగ వచ్చింది. తియ్యగా, ఉప్పగా, నాలుకమీద రాగి పైసా పెట్టుకున్నట్టు ఉండే పొగ. గాలి ఉత్తరం నుంచి కొట్టిన రోజుల్లో తిన్నగా గదిలోకే వచ్చేది. యార్డు వెనక రెండు గదులు, అందులో ఒకటి వీళ్ళది. కాపలాకి సంసారమున్నవాడైతే పారిపోడని వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, ఆలోచన, అందుకే తన ఇంట్లో పనికని కాగితాల్లో రాయించి సత్యకుమారిని రప్పించాడు. ఆమె పొద్దున ఆ ఇల్లు తుడుస్తుంది, మధ్యాహ్నం నుంచి ఈ పొగ పీలుస్తుంది.

ముప్ఫై ఐదు. ఒక అరబ్బు ముసలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. పిల్ల రెప్పల మీద తడి ఇంకా ఆరలేదు, దూది తడి. అరగంట కిందట చీటీ ఇచ్చేచోట మలయాళీ నర్సు పిల్ల మొహం చూసి ఆగిపోయింది. "యే క్యా హై? కాజల్?" అంది. ఆ ప్రశ్నకి సత్యకుమారికి సంతోషమే కలిగింది. అవును, నేనే పట్టాను, బజారుది కాదు, అని తనకొచ్చిన హిందీలో కాస్త గొప్పగానే చెప్పుకుంది. డబ్బాల్లో అమ్మే కాటుకలు పిల్లలకి పెట్టొద్దని పురిటిలోనే చెప్పారు, బొమ్మ కూడా చూపించారు, ఏడో తరగతితో ఆగిపోయినా ఆ మాత్రం తెలియని మనిషి కాదు ఆమె, అందుకేగా ఇంట్లో పట్టుకుంది. నర్సు మాత్రం నవ్వలేదు. దూది తడిపి పిల్ల కంటి కింద తుడిచి, ఆ దూదిని చిన్న సీసాలో వేసి మూత బిగించింది. కాటుక పెట్టిన తల్లి ఎదురుగానే ఆ కాటుకని అలా దొంగసొత్తులా తీసుకుపోవడం సత్యకుమారి ఎక్కడా చూడలేదు. "దేని మీద పట్టావు?" అని అడిగింది నర్సు హిందీలోనే. పళ్లెం మీద. "ఏం పళ్లెం?" ఇంట్లో పళ్లెం, అంది సత్యకుమారి. అప్పట్నుంచీ ఆ పళ్లెం ఆమె కళ్ళముందు తిరుగుతోంది, చెరువు అడుగున పడ్డ చందమామలా, తీద్దామంటే చేతికందకుండా.

ఎంత మెరిసేదని. ఊళ్ళో కళాయి పూసే సాయిబు వీధి చివర నిప్పులు రాజేసి తిత్తి ఊదుతుంటే పిల్లలంతా చుట్టూ మూగేవాళ్ళు, ఇత్తడి గిన్నె ఎర్రగా కాలాక నవసాగరం జల్లేవాడు, బుస్సుమని తెల్లపొగ, ఆ పొగలోనే తగరం ముక్క తిప్పి పాతగుడ్డతో ఒక్క రాపు రాస్తే గిన్నె లోపలంతా వెన్నెల పరుచుకునేది. అమ్మ ఆ గిన్నెని రెండు చేతులతో అందుకునేది. కళాయి లేని గిన్నెలో పులుసు కాస్తే చిలుం దిగి ప్రాణం తీస్తుందే, కళాయి ఉంటే విషాన్ని దగ్గరికి రానివ్వదు, అనేది. అలా నేర్చుకుంది సత్యకుమారి, తెల్లగా మెరిసేది కాపాడుతుందని. ప్రసన్నకి ఏడాది నిండిన కొత్తలో స్టీలు పళ్లెం మీద కాటుక సరిగ్గా పట్టడంలేదని, పెళుసుగా రాలిపోతోందని, అమ్మకున్నట్టు రాగి పళ్లెం ఒకటుంటేనా అని ఒకటే సణుగుతుంటే, ఓ సాయంత్రం కన్నబాబు చొక్కాలో దాచి తెచ్చాడు. అది యార్డులో రాగి రేకు అంచులు మడిచి పళ్లెంలా చేసుకున్నది, కాల్చిన అట్టల కింద పెడితే టంకం కారి అందులో పడేది, నెలల తరబడి పడీ పడీ లోపలంతా తెల్లటి పూత కట్టింది.

"ఇదిగో సత్తీ, రాగికి రాగి, కళాయికి కళాయి. మీ అమ్మ దగ్గర కూడా ఉండదీలాంటిది, ఆయ్."

"అడుగంతా మాడిపోయుంది కదయ్యా."

"తోముకుంటే పోద్ది. తోమడానికి కూడా నన్నే రమ్మంటావా ఏంటి, మహారాణీ?"

తోమింది. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, మోచేతులు నొప్పెట్టేదాకా తోమింది. రెండు ఇటుకలు నిలబెట్టి, మధ్యన ఆముదం దీపం పెట్టి, పళ్లెం బోర్లించింది. కింద మంట, పైన ఆ తెల్లటి పూత. పొద్దున తీసి చూస్తే మసి ఎంత దట్టంగా ఉందని, ఎంత నున్నగా, ఎంత బరువుగా. మసిలో అక్కడక్కడ బూడిదరంగు మెరుపు. మధ్యలో పూత మెత్తబడి ఓ చిన్న చుక్క కిందికి సాగింది, కొత్త కళాయి కదా, కాస్త కారుతుందిలే అనుకుంది. రేకు ముక్కతో గీకి, వెన్న వేసి, మెదిపి, నీలం మూత క్రీము డబ్బాలో ఎత్తింది. కంటికి ఒక గీత, బుగ్గన ఒక చుక్క, అరికాల్లో ఒక చుక్క. పిల్ల కళ్ళు నులుముకుని ఆ వేళ్ళే నోట్లో పెట్టుకునేది. ఏడాది పైన, రోజూ. ఒక్కరోజు కూడా మానలేదు. దిష్టి అంటే అంత భయం.

ముప్ఫై ఏడు, ముప్ఫై ఆరు ఎప్పుడు పోయిందో చూడలేదు. మాటలు కూడా ఇలాగే పోయాయి, ఎప్పుడు పోయాయో చూడకుండా. ఏడాదిన్నరకి పన్నెండు మాటలొచ్చేవి దానికి, అమ్మ, నాన్న, అత్త, పాలు, పిల్లి, బస్సు, ఇంకా. అన్నిటికన్నా ఇష్టమైన మాట పచ్చ. సాయంత్రం కన్నబాబు వైర్లు కుప్పపోసి అంటిస్తే లోపలి రాగి వేడెక్కి మంట పచ్చగా లేచేది, చిలకపచ్చ, ఎక్కడా చూడని పచ్చ, గుమ్మంలో కూర్చుని పిల్ల చప్పట్లు కొట్టేది, పచ్చ, పచ్చ అని. ముందు బస్సు పోయింది. తర్వాత పిల్లి పోయింది, మాటా పోయింది, పిల్లులూ పోయాయి. యార్డులో ఆరు ఉండేవి, బూడిదలో పొర్లి ఒళ్ళు నాక్కునేవి, ఒకటి గోడవారన గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయింది, మిగతావి కనబడ్డం మానేశాయి. నూనె డబ్బాలో వేసిన గోంగూర అంచులు మాడి ముడుచుకుంది. అత్త పోయింది. పాలు పోయింది. ఎండకేమోలే, చివరి పళ్ళు వస్తున్నాయేమోలే అని సత్యకుమారి సర్దుకుంది. మగపిల్లాడైతే అనుకోవచ్చు ఆడపిల్లకి మాటలు ఇంత ఆలస్యమా, అని కఫీలు ఇంట్లో వంట చేసే నరసాయమ్మ సాగదీసింది. కడుపునొప్పని మెలికలు తిరిగేది పిల్ల, గోడ సున్నం గోకి తినేది, ఊరికే కింద పడేది. చివరికి పచ్చ ఒక్కటే మిగిలింది. దానికీ ఇప్పుడు నోరు తెరిచి ఆగిపోతుంది, మాట గొంతు దాకా వచ్చి దారి మర్చిపోయినట్టు.

అత్త అంటే ఖైరున్నిసా. పక్క గది ఆవిడ, జగిత్యాల వైపు మనిషి, ఆవిడ భర్త ఇస్హాఖ్ యార్డు లారీ నడిపేవాడు. ప్రసన్న పుట్టిన పదకొండో రోజు సత్యకుమారి గదిలో కూర్చుని ఏడుస్తుంటే వచ్చింది. మేనత్త పెట్టాలక్కా మొదటి కాటుక, ఈ ఎడారిలో మేనత్తని ఎక్కణ్ణుంచి తేను, అంటే ఖైరున్నిసా కొంగు బిగించి కూర్చుంది. "గీ దానికి ఏడుస్తరా చెల్లె? మా దాంట్ల గూడ గంతే, ఛట్టినాడు ఫూఫీనే పెడ్తది కాజల్. ఇయ్యాల్టి సంది నేనే దీని ఫూఫీని, తియ్ డబ్బ." పెట్టింది. జాకెట్టు ముక్క ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంది. మొన్న చలికాలం చివర ఖైరున్నిసాకి పిల్ల పుట్టినప్పుడు, కైనాత్ అని పేరు పెట్టారు, ఆ పేరు పలకడానికి సత్యకుమారికి మూడు రోజులు పట్టింది, ఆరో రోజున ఈ చెయ్యే పెట్టింది ఆ పిల్లకి కాటుక, అదే డబ్బాలోంచి. ఫూఫీ అయింది. "ఏమియ్యాలె చెల్లె నీకు? మా ఇస్హాఖ్‌ను ఇయ్యనా?" అని ఖైరున్నిసా మంచంమీంచి నవ్వితే, "వద్దక్కో, ఒకణ్ణి ఉతకలేకే చస్తున్నా" అంది తను. ఆ నవ్వులకి చంటిది ఉలిక్కిపడి లేచింది. ఎంత చురుకని అది, చీమ నడిచినా తిరిగి చూసేది.

ముప్ఫై తొమ్మిది. కన్నబాబు చేతులు గుర్తొచ్చాయి. పొద్దున టీ గ్లాసు అతని చేతిలోంచి జారింది, ఈ నెలలో మూడోసారి, మణికట్టు ఎవరో తాడు వదిలేసినట్టు వాలిపోతుంది. నన్ను చూడు, నాకేమైంది గుండ్రాయిలా ఉన్నా, అంటాడు. బస్సు దాకా వచ్చి, ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కడ యార్డు సంగతి ఎత్తకే. ఎక్కడుంటారు, ఏం కాలుస్తారు అని కూపీ లాగుతారు. కఫీలు ఖలాస్ అన్నాడంటే మర్నాడే పెట్టె సర్దుకోవాలి. పిల్లకి బలం మందు రాయించుకుని వచ్చెయ్."

"అడిగితే?"

"అడిగితే తెలీదను. నీకు మాత్రం తెలుసేంటి?"

తెలీదు. నిజంగానే తెలీదు, బస్సెక్కేటప్పటికి. ఇప్పుడు, నర్సు మూత బిగించిన సీసా కళ్ళముందుంటే, తెలుస్తున్నట్టూ ఉంది, తెలుసుకోకూడదని ఒళ్ళు గట్టిపడుతున్నట్టూ ఉంది. పొగ అనుకుంది ఇన్నాళ్ళూ. పొగైతే అతని తప్పు, కఫీలు తప్పు, గాలి తప్పు. పొగ వచ్చినప్పుడు తలుపేసి, గుమ్మానికి తడిబట్ట కుక్కి, పిల్లని ఒళ్ళో దాచుకుని, భయంతో ఇంకో చుక్క కాటుక పెట్టింది. తలుపేసిన గదిలో. తన వేలితో. నలభై. లేచి వెళ్ళిపోతే? బస్సు బయటే ఉంటుంది. బలం మందు కొట్లో కూడా దొరుకుతుంది. పిల్ల ఒళ్ళో కదిలింది, కళ్ళు తెరిచింది, తుడిచేసిన కళ్ళు, కాటుక లేకుండా ఆ కళ్ళని ఎన్నాళ్ళకి చూసిందో, అవి ఎంత చిన్నవో, ఎంత అలిసిపోయి ఉన్నాయో. ఎర్ర అంకె మారింది.

డాక్టరమ్మ బహ్రెయినీ. ఆమె మెల్లగా చెబుతుంటే నర్సు హిందీలోకి మారుస్తోంది. రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. సీసం అంటే తెలుసా? తెలుసు. నాన్న వలల అంచుకి గుచ్చే గుళ్ళు, అంతేసి వలని అడుక్కి లాక్కుపోయే బరువు. ఆ గుళ్ళని ఆడుకుంటూ నోట్లో పెట్టుకుంటే వీపు పగిలేలా కొట్టేవాడు నాన్న, ఎందుకో చెప్పేవాడు కాదు. ఇది ఒంట్లోకి ఎలా వెళ్ళిందో తెలియాలి, లేకపోతే మందు పోసినా మళ్ళీ ఎక్కుతుంది, ఏ పళ్లెం అది, అన్నారు. తెలీదను, అన్న కన్నబాబు మాట చెవిలో మోగింది. సత్యకుమారి పిల్ల అరికాలు చూసింది, అక్కడ నల్లచుక్క ఇంకా ఉంది, నర్సు చూడనిది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ చెప్పింది. యార్డు గురించి చెప్పింది, ఆకుపచ్చ అట్టల గురించి, కారిన టంకం గురించి, రాగి రేకు గురించి, చింతపండు పెట్టి తోమడం గురించి, నేనే, నా చేత్తోనే, అని. ఏ హిందీలో చెప్పిందో, ఎంత తెలుగు కలిసిందో, డాక్టరమ్మ కలం ఆగిపోయింది. టంకంలో సగం దాకా సీసమే ఉంటుందంది నర్సు, కళాయి కాదమ్మా అది. పిల్లని ఇవాళే చేర్చుకుంటాం, రోజూ ఇంజెక్షన్లు, నువ్వు పక్కనే ఉండాలి, మాటలు కొన్ని తిరిగి రావచ్చు, ఎన్నో చెప్పలేం, ఆ యార్డుకి మాత్రం పిల్లని మళ్ళీ తీసుకెళ్ళకు. అన్నిటికీ తలూపింది. ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియకుండానే తలూపింది. అప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది, నర్సు దాన్ని హిందీలోకి మార్చకముందే సత్యకుమారికి అర్థమైపోయింది.

ఈ కాటుక ఇంకే పిల్లకైనా పెట్టావా?

రెండు నెలల కిందట ఇస్హాఖ్ కఫీలుతో గొడవపడి, వేరే పని చూసుకుని, సామాను కట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఖైరున్నిసా చంటిదాన్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, "నీ చేతి కాజల్ లేకుంటే దీనికి నిద్ర రాదు చెల్లె, ఇంకొంచెం పెట్టియ్యి" అంటే, సత్యకుమారి కొత్తగా పట్టి, ఇంకో నీలం మూత డబ్బా నిండా నింపి, తీసుకెళ్ళి ఆవిడ కొంగున కట్టింది. ఏడాదికి సరిపడా. ఎక్కడికి వెళ్తున్నారో సరిగ్గా అడగలేదు, వారానికోసారి వస్తూనే ఉంటా కదా అంది ఖైరున్నిసా, రాలేదు. ఈసా టౌన్, పెద్ద బడి గోడ వెనక సందు, ఆకుపచ్చ రేకు గేటు, ఇస్హాఖ్ బడిపిల్లల వ్యాను నడుపుతాడు, అంతే తెలుసు. వాళ్ళకి ఫోను లేదు. వార్డు మంచం పక్కనుంచి తను కదలడానికి లేదు, కన్నబాబు యార్డు వదిలి రాడు, నర్సు ఆ గుర్తులు కాగితం మీద రాసుకుంది గాని కాగితాలు ఎంత తొందరగా నడుస్తాయో ఎవరు చెప్పగలరు.

కాబట్టి మీలో ఎవరికైనా ఈసా టౌన్ వైపు పనిబడితే, ఆ బడి గోడ వెనక్కి ఒక్కసారి వెళ్ళి చూడండి. వ్యాను నడిపే ఇస్హాఖ్ ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. నీలం మూత డబ్బా కనబడితే తీసి పారేయండి, పిల్లలకి అందని చోట. సత్తి పంపిందని ఖైరున్నిసాకి చెప్పండి, నా చేతి కాటుక కడిగెయ్యమందని చెప్పండి, ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పండి. ఇవన్నీ చెప్పే ముందు గుమ్మంలోనే కాసేపు ఆగి, పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా, కైనాత్ అని పిలవండి. ఎన్నోసారికి తిరుగుతుందో చూడండి.